మూత ఒక్కటే, మాటలు నాలుగు

బోధను పట్టణమునకు ఆనుకొనియున్న శక్కర్‌నగర్‌లో 1937లో వెలసి, మంజీరపై కట్టిన నిజాంసాగరు కాలువల నీట పండిన చెరకును దశాబ్దముల తరబడి గానుగాడించి, ఆసియాలోనే పెద్దదను పేరు మోసిన నిజాం చక్కెర కర్మాగారము 2015 డిసెంబరులో ఆగిపోయినప్పుడు, మూతపడిన గేటు ఒక్కటే గాని, ఆ మూతకు వ్యవహారములోనికి వచ్చిన ఇంగ్లీషు మాటలు ఒక్కటి కాదు. యాజమాన్యము ప్రకటించినది లేఆఫ్. ఆ వెనుక పత్రికలలోను ఉపన్యాసములలోను దానికి బదులుగా వినవచ్చినది లాకౌట్. మూసివేతయని తెలుగు చేయబడి సభలలో వాడుకకెక్కినది క్లోజర్. ఎక్కడను వ్రాయబడకున్నను కార్మికుల ఇండ్లలో దిగులు పుట్టింపగలది రిట్రెంచ్‌మెంట్. ఊరివారు మాత్రము ఈ తర్జనభర్జన లేకుండ ‘ఫ్యాక్టరీ బందయింది’ అని ఒక్క ముక్కలో తేల్చివేసిరి.

ఊరివారి మాటలో అబద్ధమేమియు లేదు. అయితే బందు అను ఆ మాట ఎవరికెంత రావలెనో చెప్పదు; ఇంగ్లీషు మాటలు నాలుగును చెప్పును, నాలుగును నాలుగు విధములుగా చెప్పును. దగ్గర దగ్గర అర్థములు గల ఇంగ్లీషు పదములలో దేనినెక్కడ వాడవలెనను ప్రశ్నను మనము సాధారణముగా పరీక్షాపత్రములకును వ్యాసరచన పోటీలకును సంబంధించిన ముచ్చటగా భావింతుము. ఇందూరను పాత పేరు గల నిజామాబాదు సీమలో, చెరకు మీదను బీడీ మీదను గల్ఫు జీతము మీదను బ్రతుకు నడచిన ఈ జిల్లాలో, అది జీతబత్తెముల ప్రశ్న.

నిఘంటువు తెరచి చూచినవానికి ఈ నాలుగు మాటలును ఒకే ఇంటి అన్నదమ్ములవలె కనబడును. 1947 నాటి పారిశ్రామిక వివాదముల చట్టమును తెరచి చూచినచో వారెన్నడో వేరుపడినవారని తెలియును. ఆ చట్టము పుట్టిననాడు ఈ విభజన ఇంత స్పష్టముగా లేదు; లేఆఫ్‌కును రిట్రెంచ్‌మెంట్‌కును నిర్వచనములు 1953 సవరణతో చేరినవి, క్లోజర్‌కు నిర్వచనము 1982 సవరణతో గాని రాలేదు. బొగ్గో, విద్యుత్తో, ముడిసరుకో చాలక గాని, సరుకు పేరుకొనిపోయి గాని, యంత్రము చెడి గాని, ప్రకృతి వైపరీత్యమువలన గాని యజమాని పని ఈయలేకపోవుట లేఆఫ్. అందు కార్మికుని పేరు మస్టరు రోలులో పదిలముగానే యుండును; ఉద్యోగము పోదు, పని మాత్రమే ఉండదు. ఏడాది సర్వీసు నిండినవానికి మూలవేతనములోను కరువు భత్యములోను సగము పరిహారముగా ముట్టవలెను. అతడును పిలుపునకు సిద్ధముగా నున్నానని తెలుపుటకై నియమిత వేళకు దినమునకొకమారు హాజరు వేయించుకొనవలెను. చక్కెర మిల్లులో ముడిసరుకనగా చెరకే గనుక, చెరకు చాలలేదన్న మాట వినబడినచోట లేఆఫ్ అను మాట దాని వెనుకనే నడచివచ్చును.

లాకౌట్ అట్లు కాదు. సమ్మె కార్మికుని చేతి ఆయుధమైనట్లే లాకౌట్ యజమాని చేతి ఆయుధము. పని ఉండియు, ముడిసరుకు ఉండియు, వివాదములో పైచేయి కొరకు ద్వారము మూయుట దాని లక్షణము. ఉత్తరాది వ్యవహారములో దీనిని తాలాబందీ యందురు. ఉర్దూ నుడికారము తెలిసిన నిజామాబాదువారికి ఈ మాట చెవిని పడగానే తాళము ఎవరు వేసిరో తెలియును. దీనికి సగము జీతపు సెక్షను వర్తింపదు. ఆ దినముల వేతనము దక్కునో దక్కదో, తప్పు ఏ పక్షమున నున్నదని న్యాయమూర్తి తలచునో దానిపై ఆధారపడును. ఇక రిట్రెంచ్‌మెంటులో మస్టరు రోలు నుండి పేరే పోవును. నెల నోటీసు గాని నెల జీతము గాని ఇచ్చి, నిండిన ప్రతి సర్వీసు సంవత్సరమునకు పదునైదు దినముల సగటు వేతనము చొప్పున చెల్లింపవలెను. క్లోజర్‌లో పోవునది పేరు కాదు, పని చేయు స్థలమే శాశ్వతముగా పోవును. పరిహారము రిట్రెంచ్‌మెంటు లెక్కనే గాని, యజమానికి అతీతమైన అనివార్య కారణములచే మూయవలసి వచ్చినదని ఋజువైనచో అది మూడు నెలల సగటు జీతమును మించదు. నష్టములు వచ్చినవనుటయు, అమ్ముడుపోని సరుకు మిగిలినదనుటయు అట్టి అనివార్య కారణములు కావని చట్టమే ముందుచూపుతో వివరణ వ్రాసికొన్నది. ఇంతటి జాగ్రత్త వ్యాకరణ గ్రంథములలోను అరుదు.

మాట తప్పుగా ఎంచుకొన్నవారికి నష్టమెట్లు వచ్చునో తెలుపు వ్యాజ్యమొకటి కలదు. అది 1960లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన కైర్‌బెట్టా ఎస్టేటు వ్యాజ్యము. ఆ ఎస్టేటున్న ఊరి పేరు కోటగిరి. బోధనుకు చేరువనున్న మన కోటగిరి కాదు, నీలగిరులలోని కోటగిరి. అచ్చటి తోటలో మేనేజరుపై దాడి జరుగగా, యాజమాన్యము ఒక విభాగమును కొంతకాలము మూసివేసినది. తెరచిన పిమ్మట కార్మికులు ఆ దినములకు లేఆఫ్ పరిహారము కోరిరి. పని లేని దినములు నిజము, జీతము రాని మాట నిజము. అయినను న్యాయమూర్తి గజేంద్రగడ్కర్ తీర్పులో, వ్యాపార కారణములచే పని ఈయలేకపోవుట వేరు, వివాదమున ద్వారము మూయుట వేరు, ఇది లాకౌటే గాని లేఆఫ్ కాదని తేలినది. లేఆఫ్ కానందున ఆ సెక్షను క్రింద పరిహారము లేదు. శక్కర్‌నగర్ మూతను గూర్చి వ్రాయుచు, యాజమాన్యము లేఆఫ్ అన్నదానిని లాకౌట్‌గా మార్చి అచ్చువేసిన విలేఖరులు కార్మికుల పక్షమున మరింత ఘాటైన మాట వాడితిమని సంతోషించియుందురు. ఘాటైన మాట సగము జీతమును గూడ ఘాటుగా తుడిచివేయగలదని వారికి తట్టియుండదు.

చక్కెర పరిశ్రమలో దీనికి మరియొక మెలిక కలదు. నవంబరు ప్రాంతమున మొదలై వేసవి ముదురులోపల ముగియు క్రషింగు కాలమే అందు పని కాలము. ఋతువును బట్టి నడచు సంస్థలకు లేఆఫ్ పరిహారపు సెక్షనులు వర్తింపవనియు, ఏ సంస్థ అట్టిదో ప్రభుత్వము చెప్పినదే తుదిమాట యనియు అదే చట్టము చెప్పినది. కనుక సీజనల్, టెంపరరీ, క్యాజువల్ అను మూడు మాటలను ‘తాత్కాలిక’ అను ఒక్క తెలుగు మాటలో కలిపివేయుట చక్కెర మిల్లు కార్మికునికి క్షేమము కాదు. సీజనల్ అయినవాడు సీజను ముగియగానే ఇంటికి పోయినను మరుసటి సీజనున తిరిగి రాదగినవాడు. చక్కెర మిల్లులలో సీజనల్ పర్మనెంట్ అను ఒక విచిత్ర సమాసమే వాడుకలో నున్నది. పంజాబులోని మొరిండా సహకార చక్కెర మిల్లు వ్యాజ్యమున 1995లో సుప్రీంకోర్టు, సీజను ముగియుటతో పని ఆగుట రిట్రెంచ్‌మెంటు కాదని చెప్పుచునే, సీజను మొదలైనప్పుడు పాతవారిని పిలువవలెనని ఆదేశించినది. దీనికి ఎదురుగా, 1976లో సుందరమణి వ్యాజ్యమున న్యాయమూర్తి కృష్ణయ్యరు రిట్రెంచ్‌మెంట్ అను మాటను నిఘంటువు గీచిన గిరిని దాటించి, గడువు తీరి దానంతట అదే ముగిసిన బ్యాంకు కొలువునకు గూడ వర్తింపజేసిరి. 1984 సవరణ ఆ విస్తృతిని కొంత కుదించినది. ఒక మాట అర్థము ఇట్లు పదేండ్లలో పెరిగి తరుగుట కవుల చేతులలో జరిగినచో మనము సాహిత్యచరిత్ర యందుము.

ప్రసంగవశమున ఒక చిన్న మాట. తాత్కాలికమను భావము ఎంత త్వరగా మాసిపోవునో చూడగోరువారు బోధను, వర్ని, కోటగిరి ప్రాంతములలోని క్యాంపులను చూడవలెను. నిజాంసాగరు 1931లో పూర్తియైన పిమ్మట కోస్తా జిల్లాలనుండి వచ్చి భూములు కొని స్థిరపడిన రైతుల పల్లెలకు ఆ పేరు. ఇంగ్లీషు క్యాంపు డేరా ఎత్తివేయగానే పోవును. మన క్యాంపులో గుడియు, బడియు, మూడవ తరమును ఉన్నవి. వాటిని కాలనీ యనలేదు, సెటిల్‌మెంట్ అనలేదు. వచ్చిననాటి మాటే నిలిచిపోయినది. ఈ మాట వలన ఎవరికిని నష్టము లేదు గనుక దానినట్లే ఉండనిత్తము.

ఇంగ్లీషులో ఇన్ని జంట మాటలు ఏలనున్నవన, ఆ భాష మూడు ఇండ్ల కోడలు. ఇంటి భాష సాక్సనులది. 1066లో నార్మనులు గెలిచి తెచ్చినది ఫ్రెంచి. పండితులు పోగుచేసినది లాటిను. అందుచేత అడుగుటకు మూడు మాటలు, మొదలుపెట్టుటకు మూడు మాటలు. మన నాలుగింటిలో లేఆఫ్‌ను లాకౌట్‌ను పుట్టించినవి ఇంటి ముక్కలు. రిట్రెంచ్‌మెంట్, క్లోజర్ ఫ్రెంచి వాకిటి నుండి వచ్చినవి. మనకును ఈ సంపద క్రొత్త గాదు. ఇల్లు, గృహము, మకాను అను మూడింటిని ఒక్క పూటలో వాడని నిజామాబాదు పాతబస్తీవాసి అరుదు. అయితే పర్యాయపదములను మనము నేర్చిన త్రోవ వేరు. అమరకోశమును వల్లెవేసి, పైడిపాటి లక్ష్మణకవి ఆంధ్రనామసంగ్రహమును కంఠస్థము చేసినవారి దృష్టిలో, ఒక వస్తువునకు గల పేర్లన్నియు సమానమైన పేర్లే. వాటిలో ఒకదానిని ఎంచుటకు కారణము యతి, ప్రాస, గణము. పద్యము నడువవలెను గనుక సూర్యుని భానుడనవచ్చును, రవి యనవచ్చును. ఈ అలవాటే ఇంగ్లీషు పరీక్షకు పోయిన మన బాలునికి అబ్బినది. ఒకే మాట రెండుమారులు వాడుట దోషమని బడిలో చెప్పగా, మొదటి వాక్యములో లేఆఫ్ వ్రాసినవాడు రెండవ వాక్యములో అందము కొరకు లాకౌట్ వ్రాయును. పెద్దవాడై పత్రికలో చేరినను ఆ అలవాటు వదలదు.

మన పూర్వులందరును ఇట్లే తలచిరనుట అన్యాయమగును. పదవ శతాబ్దమునకు చెందిన కాశ్మీర ఆలంకారికుడు కుంతకుడు, ఎన్ని పర్యాయపదములున్నను వివక్షితమైన అర్థమును తాకగలది ఒక్కటే యనియు, దానిని పట్టుటయే కవి పనియనియు వక్రోక్తిజీవితమున సిద్ధాంతీకరించినాడు. ఇంగ్లండులో హెస్టర్ పియోజీ అను విదుషి 1794లో ప్రచురించిన పర్యాయపద గ్రంథమున ఇట్టి జంట మాటల మధ్య తేడాలను సంభాషణకు పనికివచ్చునట్లు విప్పి చెప్పినది. 1852లో వచ్చిన రోజెట్ థెసారస్ మాటలను గుంపులు కట్టి ఇచ్చినదే గాని తేడాలు చెప్పుట దాని పని కాదు. నేటి సెల్‌ఫోనులు రోజెట్ సంతతివి. నొక్కగానే పది మాటలు చూపును, పదింటిలో ఏది మన కొంప ముంచునో చెప్పవు.

రైతు ప్రక్కకు వత్తము. చెరకునకు కేంద్రము నిర్ణయించు ధరను 2009 వరకు చట్టబద్ధ కనీస ధర యనిరి. ఆ యేట 1966 నాటి చెరకు నియంత్రణ ఉత్తరువును సవరించి దానిని ఫెయిర్ అండ్ రిమ్యునరేటివ్ ప్రైస్ అనిరి. కనీసమనునది నేల వంటిది, దానిపైన ఎంతయైన ఈయవచ్చునని సూచించును. ఫెయిర్ అనునది కొనువానిని, అమ్మువానిని ఇరువురను చూచు మాట. రిమ్యునరేటివ్ అనునది అమ్మువాని పెట్టుబడియు, శ్రమయు, లాభమును చూచు మాట. ఈ రెంటిని మనవారు ‘గిట్టుబాటు’ అను ఒక్క మాటలో కలిపిరి. ఉత్తరప్రదేశమువంటి రాష్ట్రములు ప్రకటించు అడ్వైజ్డ్ ప్రైస్ దీనికన్న ఎక్కువయైనచో ఆ తేడాను రాష్ట్రమే భరింపవలెనను నిబంధనతో సవరణ రాగా, 2009 నవంబరులో వేలాది చెరకు రైతులు ఢిల్లీ వీధులలో నిలిచి దానిని వెనుకకు తీయించిరి. ధరకు పెట్టిన పేరు మారినప్పుడు ధర ఎవరు ఈయవలెనన్నదియు మారబోయినదని వారు నిఘంటువు చూడకయే గ్రహించిరి.

ఆ ధర క్వింటాలునకు ఇంతయని చెప్పుచోట పక్కనే రికవరీ ఇంత శాతమని ఉండును. 2025-26 సీజనునకు 10.25 శాతము రికవరీపై 355 రూపాయలు. యీల్డు, రికవరీ రెండును ‘దిగుబడి’గా తెలుగులోనికి వచ్చి రైతును తికమక పెట్టుచున్నవి. ఎకరమునకు ఎన్ని టన్నుల చెరకు పండినదన్నది యీల్డు, అది రైతు నేలలో తేలును. నూరు కిలోల చెరకు నుండి ఎన్ని కిలోల చక్కెర దిగినదన్నది రికవరీ, అది మిల్లు లోపల తేలును. నరికిన చెరకు బండిలో ఎండిన కొలది, మిల్లు యంత్రము అరిగిన కొలది రికవరీ పడిపోవును. రైతు యీల్డు ఎంత పెరిగినను దానికి మందు కాదు. బ్యాంకువారి నోట రికవరీ అన్నప్పుడు మరియొక అర్థము కలదని ఈ ప్రాంతపు రైతునకు వేరుగ చెప్పనక్కరలేదు.

బకాయి అను మాటయు ఇట్టిదే. డ్యూస్ అనిన చెల్లవలసినది, ఎరియర్స్ అనిన గడువు దాటియు చెల్లనిది. చెరకు అందిన పదునాలుగు దినములలోపల ధర చెల్లింపవలెను, దాటినచో ఏడాదికి నూటికి పదునైదు వంతున వడ్డీ పడును. పదునాలుగవ నాటి వరకు డ్యూస్, పదునైదవ నాటి నుండి ఎరియర్స్. అర్జీలో డ్యూస్ అని వ్రాసినవాడు ధర అడిగినాడు. ఎరియర్స్ అని వ్రాసినవాడు ధరతోపాటు వడ్డీకి గూడ దారి వేసికొన్నాడు.

కర్మాగార చరిత్రలోని తక్కిన మాటలను త్వరగా దాటవచ్చును. 2002లో బోధను, ముత్యంపేట, మంబోజిపల్లి మిల్లులలో 51 శాతము ప్రైవేటు సంస్థకు పోయి 49 శాతము ప్రభుత్వమునకు మిగిలినప్పుడు, అది వాటా తగ్గించుకొన్న దృష్టిలో డిస్‌ఇన్వెస్ట్‌మెంట్, పెత్తనము చేతులు మారిన దృష్టిలో ప్రైవేటైజేషన్, కాగితముపై జాయింట్ వెంచర్. మూడును నిజములే, ఎవడు ఏది వాడినాడో చూచిన వాడెవరి పక్షమో తెలియును. 2019లో కంపెనీ లా ట్రిబ్యునలు లిక్విడేషనుకు ఉత్తరువిచ్చినది. ఇన్‌సాల్వెన్సీ యనిన అప్పు తీర్చలేని స్థితి, దాని నుండి తేరుకొనుట కలదు. లిక్విడేషన్ అనిన ఆస్తులమ్మి అప్పులవారికి పంచుట. రెంటికిని దివాలా అనియే మనము వ్రాయుచున్నాము. 2024లో రాష్ట్ర ప్రభుత్వము ఈ మిల్లుల రివైవల్ కొరకు మంత్రులతో కూడిన సంఘమును వేసినది. ఇచ్చట శక్కర్‌నగర్‌వారు చెవి నిక్కించి వినవలెను. రీఓపెనింగ్ అనిన ఆ గేటే, ఆ మనుష్యులకే తెరచుకొనుట. రివైవల్ అనిన పరిశ్రమ మరల ప్రాణము పోసికొనుట. అది క్రొత్త యంత్రములతో, క్రొత్త స్థలమున, క్రొత్త పనివారితోను జరుగవచ్చును. మొదటిది కోరువారు రెండవ మాటతో తృప్తిపడరాదు.

జిల్లాలో ఈ జాగ్రత్త చక్కెరతో ఆగిపోదు. అంగన్‌వాడీ కార్యకర్తకు ఇచ్చునది వేజ్ కాదు, ఆనరేరియం అని దశాబ్దములు చెప్పుచు వచ్చిరి. గౌరవ వేతనమను తెలుగు మాటలోని గౌరవము ఆమెకు ఎన్నడును గ్రాట్యుటీ తెచ్చిపెట్టలేదు. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు గుజరాతు కార్యకర్తల వ్యాజ్యమున, గ్రాట్యుటీ చట్టమునకు సంబంధించినంతవరకు ఆనరేరియమును వేజ్ క్రిందికే వచ్చునని తేల్చినది. ఇక ఆర్మూరు, బాల్కొండ పల్లెలనుండి సౌదీకి పోయినవాని సంగతి. రాజీనామాకును తొలగింపునకును అక్కడి చట్టములో ఉన్న దూరము, ఇంటికి వచ్చునప్పుడు అతని సంచిలో తేలును. రెండేండ్లు నిండక రిజైన్ చేసినవానికి సర్వీసు ముగింపు సొమ్ము లేదు, అయిదేండ్ల లోపు మూడవ వంతు, పదేండ్ల లోపు మూడింట రెండు వంతులు మాత్రమే. యజమానియే టెర్మినేట్ చేసినచో మొత్తము రావలెను. ఇంటికి పంపెదమని చెప్పి ముందుంచిన కాగితముపై ఏ మాట యున్నదో చదువనివాడు, తొలగింపబడియు తానే విడిచిపోయినట్లు సంతకము చేసి వచ్చును.

2020లో పార్లమెంటు ఆమోదించిన పారిశ్రామిక సంబంధముల కోడు 2025 నవంబరులో అమలులోనికి వచ్చి 1947 చట్టము స్థానమును ఆక్రమించినది. నాలుగు మాటలును అందులోనికి నడచి వచ్చినవి. లేఆఫ్, రిట్రెంచ్‌మెంట్, క్లోజర్ అను మూడింటికి ప్రభుత్వ అనుమతి ముందుగా కావలసిన సంస్థల గీత మాత్రము నూరుగురు కార్మికుల నుండి మూడు వందలకు జరిగినది. కనుక ఈ మాటల పని తీరిపోలేదు.

ఇంతకాలమును ఈ తేడాలు వకీళ్లకును యాజమాన్యములకును మాత్రమే తెలిసియుండుట న్యాయము కాదు. డిచ్‌పల్లిలోని తెలంగాణ విశ్వవిద్యాలయమున ఇంగ్లీషు శాఖయు న్యాయశాస్త్ర శాఖయు ఒకే ఆవరణలో ఉన్నవి. ఆ రెండు శాఖలవారును కూర్చుండి, జీతమునకును, ధరకును, అప్పునకును, కొలువునకును సంబంధించిన ఇట్టి జంట మాటలను ఏరి, ఒక్కొక్క మాటతో ఏమి దక్కునో ఏమి పోవునో సులభమైన తెలుగులో వ్రాసి, చిన్న పుస్తకముగా అచ్చువేయించి, యూనియను ఆఫీసులకును మార్కెట్ యార్డులకును గల్ఫు ప్రయాణికులకును ఉచితముగా పంచవలెనని మా విన్నపము. అది చేతికి వచ్చులోపల, ఇంగ్లీషు కాగితముపై సంతకము చేయవలసి వచ్చిన ప్రతివారును, అందు వ్రాసిన మాట ఏదో, దాని పొరుగు మాట ఏదో, రెంటిలో తమకు రావలసినది దేనివలన వచ్చునో తెలిసినవారినొకరిని అడిగిన పిమ్మటనే కలము తీయుదురు గాక.